వెనక నుంచి వచ్చే ఆ 'టక్'

ప్రశ్న: నమస్తే అండీ. వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్ సైకిల్ పదేళ్లు తొక్కాక, మూడు నెలల క్రితం ఒకరు వాడిన ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్ కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, ముందు 140, వెనక 130 మిల్లీమీటర్ల ట్రావెల్ (సస్పెన్షన్ కుంగే దూరం). నా బరువు 78 కిలోలు. మొదట్లో సోఫాలో కూర్చుని వెళ్తున్నట్టు ఉండేది. రెండు వారాలుగా వెనక ఎక్కడో 'టక్' మంటోంది. 'ఫుల్ సస్పెన్షన్ అంటే ఆ మాత్రం చప్పుడు ఉంటుంది, పట్టించుకోకు' అని ఒక స్నేహితుడు అంటాడు. 'బోల్టులన్నీ గట్టిగా బిగించెయ్, అదే పోతుంది' అని ఇంకొకడు. పోయిన వారం దిగుడులో ఒక రాతి మెట్టు దగ్గర బ్రేకు పట్టగానే వెనక చక్రం పైకి లేచి, హ్యాండిల్ మీదుగా పడబోయి ఎలాగో ఆగాను. వచ్చే ఆదివారం మావాళ్లంతా నడుమెత్తు నుంచి దూకాల్సిన డ్రాప్ ఉన్న ట్రయల్‌కి వెళ్తున్నారు. నేను వెళ్లొచ్చా? ఈ బండిలో ఏమేం చూసుకోవాలి?

సమాధానం: మీ ఇద్దరు స్నేహితుల్లో ఎవరి మాటా వినకండి. మొదటాయన మాట వింటే ఏదో ఒకరోజు ఫ్రేము పోతుంది, రెండో ఆయన మాట వింటే ఈరోజే బోల్టు పోతుంది. బాగున్న ఫుల్ సస్పెన్షన్ బండి నిశ్శబ్దంగానే ఉంటుంది. చైను కాస్త కొట్టుకోవచ్చు, వెనక షాక్ అబ్జార్బరులో ఆయిల్ కదిలి 'స్స్' మనొచ్చు, తొక్కడం ఆపితే వెనక చక్రంలోని ఫ్రీహబ్ దాని పాట అది పాడుకోవచ్చు. లోహం లోహానికి తగిలినట్టు 'టక్' మంటోందంటే మాత్రం ఎక్కడో ఏదో వదులైంది.

పదేళ్లు హార్డ్‌టెయిల్ తొక్కారు కాబట్టి మీకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఆ బండి మీద రాయి తగిలితే సంగతి నేరుగా మీ నడుముకి తెలిసేది. ఇంత స్పీడు పనికిరాదని నడుమే చెప్పేది, మీరు తగ్గేవారు. ఇప్పుడు అదే రాయి మీద ఇంకా స్పీడుగా వెళ్లినా మెత్తగా ఉంటుంది. ఆ దెబ్బ ఎక్కడికీ పోలేదు. షాక్, లింకులు, పివట్ల (వెనక ఫ్రేము కదిలే కీళ్ల) బేరింగులు, వాటి బోల్టులు మీ బదులు తిన్నాయి. అందుకని ఇదివరకు నడుము చెప్పిన సంగతిని ఇప్పుడు చేత్తో తడిమి తెలుసుకోవాలి, నడుము తగ్గించిన స్పీడుని ఇప్పుడు మనమే గుర్తుపెట్టుకుని తగ్గించాలి. మీరు అడిగిన చెకింగు, మీరు పడబోయిన సంగతి రెండూ నాకు ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నాయి.

నాకూ చాలా ఏళ్ల క్రితం ఇలాంటి 'టక్' ఒకటి తగులుకుంది. పెడల్ అనుకున్నాను. పెడల్స్ విప్పి మరలకి గ్రీజు పెట్టాను, పోలేదు. సీటు పోస్టు తీసి తుడిచి పెట్టాను, రెండు రోజులు తగ్గినట్టు అనిపించింది, అంతే. మూడో వారం ఒక ఎక్కుడులో రబ్బరు కాలిన వాసన వచ్చింది. దిగి చూస్తే వెనక టైరు ఒకపక్కకి ఒరిగి ఫ్రేముని రాస్తోంది. క్రాంకుల (పెడల్స్ బిగించే కడ్డీల) పైన ఉండే మెయిన్ పివట్ యాక్సిల్ ఒక వేలి కణుపంత బయటికి వచ్చి, ఎండలో మెరుస్తూ నన్నే చూస్తోంది. ఆరు కిలోమీటర్లు నడిపించుకుంటూ వచ్చాను. బోల్టు మార్చితే సరిపోతుందనుకున్నా. బేరింగు కూర్చునే గుంట గుండ్రంగా లేదు, కోలగా సాగిపోయింది. కొత్త బేరింగు ప్రెస్ పెట్టి బిగుతుగా ఎక్కించాల్సింది కాస్తా బొటనవేలితో నొక్కితే లోపలికి జారింది. ఆ ఫ్రేము అంతటితో సరి. ఆ మూడు వారాల్లో ఏదో ఒకరోజు పది నిమిషాలు కేటాయించి ఉంటే అది ఒక చుక్క థ్రెడ్‌లాకర్‌తో (మరలు వదులవకుండా పట్టే జిగురుతో) తీరిపోయే పని.

మీ 'టక్' సంగతికి వద్దాం. ముందు సైకిల్ కడగండి. బకెట్ నీళ్లు, మెత్తని బ్రష్ చాలు. ప్రెషర్ వాషర్‌తో పివట్ల మీద, హబ్బుల మీద కొట్టొద్దు. సీళ్లని తోసుకుని నీళ్లు లోపలికి పోతాయి, గ్రీజు బయటికి వస్తుంది. కడగడం అందం కోసం కాదు. మట్టి కింద ఏముందో చూడటానికి. వాడిన బండి కొన్నారు కదా, అమ్మేముందు ఎవరైనా తళతళలాడేలా తుడిచే ఇస్తారు. పైన పటారం లోన లొటారం అయిందో లేదో మీరే స్వయంగా కడుగుతూ చేత్తో తడిమితే తెలుస్తుంది.

చప్పుడు ఎప్పుడు వస్తోందో మీరు రాయలేదు. దాన్ని బట్టే సగం వెతుకులాట తగ్గుతుంది. తొక్కుతున్నప్పుడే, పెడల్ చుట్టుకి ఒకసారి చొప్పున లెక్కగా వస్తే పెడల్స్, క్రాంకు, బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే బేరింగు), చైన్‌రింగ్ బోల్టులు చూడాలి. కూర్చుంటే వచ్చి, లేచి నిలబడితే పోతే సీటు పట్టాలు, సీటు పోస్టు. తొక్కడం ఆపి ఊరికే దొర్లుతున్నప్పుడు కూడా గతుకు గతుక్కీ వస్తుంటే అప్పుడు షాక్, పివట్లు, వెనక యాక్సిల్. ఒక్కోసారి పొడిగా బిగించిన వెనక యాక్సిల్ కూడా పివట్ పోయినట్టే నటిస్తుంది. దాన్ని తీసి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి, దాని మీద రాసి ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి ఒకసారి తొక్కి చూడండి. ఖర్చులేని పని, ముందు అదే చేయండి.

పోలేదంటే షాక్ దగ్గరికి. ఒకరి సాయం తీసుకోండి. ఆయన్ని బండి వెనక భాగం మెల్లగా పైకి లేపమనండి, వెనక చక్రం నేలని వదిలీ వదలనట్టు, మళ్లీ దించమనండి. డ్రాపర్ పోస్టు (మీట నొక్కితే సీటు కిందికి దిగే పోస్టు) ఉంటే సీటు పట్టి లేపొద్దు. దానికి పుట్టుకతోనే కాస్త ఊగు ఉంటుంది, అది మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫ్రేము పట్టి లేపాలి. ఆయన లేపుతుంటే మీరు షాక్ చివర బోల్టు దూరే కన్ను దగ్గర వేలు పెట్టండి, వేలి కొసలో సగం షాక్ మీద, సగం ఫ్రేము మీద ఉండేట్టు. కంటికి కనపడని వదులు కూడా అక్కడ వేలికి తెలుస్తుంది. చక్రం లేవకముందే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఖాళీగా కదిలి 'టుక్' మంటే ఆ కన్నులో బోల్టు చుట్టూ ఉండే బుషింగ్ అరిగినట్టు, లేదా ఆ బోల్టు వదులైనట్టు. పైన కన్ను, కింద కన్ను రెండూ చూడండి. తర్వాత ఒక్కొక్క పివట్ దగ్గరా అలాగే. ఒక్క జాగ్రత్త: ఎవరైనా బండి మీద కూర్చుని సస్పెన్షన్ నొక్కుతున్నప్పుడు మాత్రం లింకుల మధ్య వేలు పెట్టొద్దు. ఆ సందులు కత్తెరలా మూసుకుంటాయి.

రెండోది పక్కకి ఊపి చూడటం. ఒక చేత్తో సీటు ట్యూబు పట్టుకుని, ఇంకో చేత్తో వెనక చక్రం పైభాగాన్ని అటూ ఇటూ తోయండి. కదిలిందనుకోండి, ఏది కదిలిందో చూడాలి. చైన్‌స్టేకి (చైను పక్కన వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేము గొట్టానికి) రిమ్ముకి మధ్య సందు మారుతుంటే హబ్బు బేరింగు లేదా యాక్సిల్. చక్రం, వెనక ఫ్రేము మొత్తం కలిసి ముందు ఫ్రేముకి వేరుగా ఊగుతుంటే పివట్. ఈ రెండిటికీ తేడా తెలియక హబ్బు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

మూడోది చాలామంది చేయరు కానీ నాకు అన్నిటికంటే నమ్మకం ఇచ్చేది ఇదే. షాక్‌లో గాలి మెల్లగా తీసేసి, షాక్ బోల్టులు విప్పి, దాన్ని పక్కన పెట్టండి. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇప్పుడు వెనక భాగాన్ని చేత్తో పైకి కిందికి ఆడించండి. బాగున్న బేరింగులు నూనె రాసిన తలుపులా సాఫీగా కదులుతాయి. గరగరమన్నా, ఒకచోట పట్టి వదిలినట్టు అనిపించినా బేరింగులు అయిపోయాయి. షాక్ బిగించి ఉన్నంతసేపూ గాలి ఒత్తిడి అన్నిటినీ ఒకవైపు నెట్టి పట్టుకుంటుంది కాబట్టి ఈ గరగర మీకు తెలియదు.

గాలి తీసేటప్పుడు ఒక ప్రమాదం గురించి కచ్చితంగా చెప్పాలి. గాలి తీశాక షాక్ ముడుచుకుపోయి మళ్లీ బయటికి రాకపోతే దాన్ని విప్పే ప్రయత్నం చేయకండి. లోపల ఒక గదిలో ఒత్తిడి చిక్కుకుపోయి ఉంటుంది. అది తెరుచుకుంటే ముక్కలు తుపాకీ గుండులా వస్తాయి. నేరుగా సర్వీస్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. చాలా షాక్‌లలో నైట్రోజన్ నింపిన గది కూడా ఉంటుంది, దాని జోలికి ఇంట్లో అసలు వెళ్లకూడదు.

ఇక 'గట్టిగా బిగించెయ్' సంగతి. పివట్ బోల్టు చాలావరకు అల్యూమినియం. గట్టిగా బిగిస్తే మరలు ఊడతాయి, లేదా బేరింగు పక్కకి నొక్కుకుపోయి తిరగడం మానేస్తుంది. తక్కువ బిగిస్తే నా కథే. టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కోండి, ఫుల్ సస్పెన్షన్ ఉన్నవాళ్లకి అది అదనపు సోకు కాదు. ఎంత బిగించాలో బోల్టు మీదే చెక్కి ఉంటుంది, లేకపోతే ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. స్టెమ్ దగ్గర 5 న్యూటన్ మీటర్లు మామూలు. యాక్సిల్ మీద 12 ఉండొచ్చు. పివట్లకి మాత్రం మోడల్‌కో లెక్క, ఒకే బండిలో నాలుగు పివట్లకి నాలుగు అంకెలు ఉన్నా ఆశ్చర్యం లేదు. విప్పిన బోల్టు మరల్ని శుభ్రంగా తుడిచి, మాన్యువల్ చెప్పిన చోట నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేసి బిగించండి. ఆ తర్వాత నేను చేసే పని ఒకటుంది: బోల్టు తల మీద నుంచి ఫ్రేము మీదకి నెయిల్ పాలిష్‌తో సన్నని గీత. బోల్టు తిరిగిందంటే గీత విరుగుతుంది. ప్రతిసారీ రెంచ్ తీయక్కర్లేదు, బయల్దేరేముందు కంటితో చూస్తే చాలు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఫ్రేము చీలికల గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మీది వాడిన అల్యూమినియం. అల్యూమినియం దెబ్బల్ని మర్చిపోదు. చిన్న చిన్న వంపులన్నీ లెక్క పెట్టుకుంటూ ఉంటుంది, లెక్క నిండాక చీలుతుంది. చూడాల్సిన చోట్లు: హెడ్ ట్యూబు (ఫోర్కు దూరే గొట్టం) వెనక, డౌన్ ట్యూబు (అక్కడి నుంచి క్రాంకుల దాకా దిగే గొట్టం) కింది వైపు వెల్డింగు, బాటమ్ బ్రాకెట్ చుట్టూ, చైన్‌స్టేలు, షాక్ ఫ్రేముకి కలిసే చోటు, సీటు పోస్టు దిగే చోటు. టార్చి లైటు నిలువుగా వేస్తే ఏమీ కనపడదు, పక్క నుంచి ఏటవాలుగా వేయాలి. సన్నని గీత కనిపిస్తే గోరుతో అడ్డంగా గీయండి. పెయింటు గీతల్లో చాలావాటి మీద గోరు జారిపోతుంది, చీలిక దగ్గర తట్టుకుంటుంది. వెల్డింగు పక్కనే, దాని అంచు వెంబడే నడిచే గీతని గోరు తట్టుకోకపోయినా అనుమానించండి. చీలిక అని తేలితే ఆ బండి ఎక్కొద్దు. వెల్డింగు చేయిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, ఇలాంటి ఫ్రేములకి తయారీలో ప్రత్యేకంగా వేడి చేసి బలం తెస్తారు. మళ్లీ వెల్డింగు చేస్తే అక్కడ ఆ బలం పోతుంది. కార్బన్ ఫ్రేములైతే నిపుణులు బాగు చేయగలరు, అది వేరే సంగతి. సీరియల్ నంబరు నోట్ చేసుకుని, మీ మోడల్ మీద తయారీదారు రీకాల్ ఏమైనా ప్రకటించారేమో కూడా చూడండి. వాడిన బండి కొన్నవాళ్లకి ఆ కబురు ఎవరూ పంపరు.

ముందు భాగం తొందరగా చెప్పేస్తాను. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. ఫోర్కు హెడ్ ట్యూబులోకి వెళ్లే చోట వేలికి కదలిక తెలిస్తే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) వదులు. అక్కడ గట్టిగా ఉండి, కిందికి జారే గొట్టాల సీళ్ల దగ్గర కదిలితే ఫోర్కు బుషింగులు. మెరిసే గొట్టాల మీద గీతలు, నూనె కారిన జాడ చూడండి. చాలా ఫోర్కులకి కింది కాళ్లు విప్పి ఆయిల్ మార్చే సర్వీసు 50 గంటలకోసారి చేయమని తయారీదారులు చెప్తారు. మీకు ముందు తొక్కినాయన ఎప్పుడు చేయించారో తెలియదు కాబట్టి, ఎప్పుడూ చేయించలేదనే అనుకుని ఇప్పుడే చేయించండి. హ్యాండిల్ చివర్ల మూతలు ఉన్నాయా? ఊడిపోయి ఉంటే ఇవాళే పెట్టండి. పడినప్పుడు ఆ బోలు గొట్టం పొట్టలో గుండ్రంగా కోస్తుంది, చూడటానికి చిన్నదే.

ఇప్పుడు మీరు పడబోయిన సంగతి. మీరు రాసిన మూడు ముక్కల్లోనే నాకు ఆ దృశ్యం కనిపిస్తోంది. మెట్టు చూశారు, కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టారు. ఫోర్కు సగం పైగా ముడుచుకుంది, అంటే మెట్టు తగిలేసరికి ముందు సస్పెన్షన్ అప్పటికే ఖర్చయిపోయింది. ముందు కుంగడంతో మీ బరువు హ్యాండిల్ మీదకి వచ్చింది. వెనక చక్రానికి రాయి తగిలి షాక్ నొక్కుకుని, వెంటనే స్ప్రింగులా విప్పుకుని మిమ్మల్ని తన్నింది. ఇందులో రెండు తప్పులు మీవి, ఒకటి బండి సెట్టింగుది.

సెట్టింగు ముందు సరిచేద్దాం. హెల్మెట్, బ్యాగు, నీళ్లు అన్నీ వేసుకుని బండి మీద పెడల్స్ సమంగా పెట్టి నిలబడండి, ఎవరైనా హ్యాండిల్ పట్టుకోవాలి. షాక్ మీద రబ్బరు రింగు ఉంటుంది, దాన్ని సీలు దాకా తోసి, మెల్లగా మామూలుగా కూర్చుని, మళ్లీ కుదపకుండా దిగండి. రింగు ఎంత జరిగిందో కొలవండి. దాన్నే శాగ్ అంటారు. వెనక 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం మంచి మొదలు. వెనక లెక్క చక్రం ట్రావెల్‌తో కాదు, షాక్ స్ట్రోక్‌తో, అంటే షాక్ తను ముడుచుకునే దూరంతో వేయాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఉదాహరణకి షాక్ స్ట్రోక్ 50 మిల్లీమీటర్లయితే 30 శాతం అంటే 15. మీ 140 ఫోర్కుకి 20 శాతం అంటే 28. ముందు తొక్కినాయన మీకంటే ఇరవై కిలోలు బరువైనా, తేలికైనా, మీరు ఈ మూడు నెలలూ ఆయన ఒంటికి కుట్టిన చొక్కా వేసుకుని తిరుగుతున్నట్టే. గాలి కొట్టడానికి షాక్ పంపే వాడాలి, మామూలు పంపు, కంప్రెసర్ వద్దు. 50 పీఎస్ఐ కొట్టినప్పుడల్లా షాక్‌ని ఓ పదిసార్లు నొక్కి వదిలితే లోపలి రెండు గదుల్లోనూ గాలి సర్దుకుంటుంది.

తర్వాత రీబౌండ్, సాధారణంగా ఎర్ర నాబు. నొక్కుకున్న షాక్ ఎంత తొందరగా తిరిగి విప్పుకోవాలో అది చెప్తుంది. మీది బహుశా మరీ ఫాస్ట్‌గా ఉంది. మెట్టంత ఎత్తున్న గట్టు మీద నుంచి కూర్చునే నెమ్మదిగా దిగి చూడండి. వెనక భాగం ఒకసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగితే ఫాస్ట్, ఒక్కొక్క క్లిక్కే నెమ్మది చేయండి. అలాగని మరీ నెమ్మది చేస్తే ఒక గతుకు తర్వాత తేరుకోకముందే ఇంకోటి తగిలి, షాక్ అడుగుకి కుంగిపోతూ ఉంటుంది, వరసగా రాళ్లున్న చోట బండి మొద్దుబారిపోతుంది. మొదట ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి రాసుకుని, మధ్యలో మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఒకేసారి గాలీ, రీబౌండూ మార్చి 'బాగుంది' అంటే ఏది బాగు చేసిందో మీకే తెలియదు. దిగుడు మొదలయ్యేముందు లాకౌట్ (షాక్ కుంగకుండా ఆపే మీట) తెరవడం కూడా మర్చిపోవద్దు. లాక్ చేసిన షాక్‌తో ఎత్తు నుంచి దూకితే లోపలి భాగాలు దెబ్బతినొచ్చు.

ఇక మీ రెండు తప్పులు. బ్రేకింగ్ మెట్టుకి ముందే ముగించాలి. స్పీడు తగ్గించాల్సిందంతా సాఫీగా ఉన్న నేల మీద తగ్గించి, మెట్టు తగిలే క్షణానికల్లా బ్రేకులు వదిలేసి ఉండాలి. అప్పుడే ఫోర్కు నిటారుగా లేచి, దెబ్బ తినడానికి పూర్తి ట్రావెల్‌తో సిద్ధంగా ఉంటుంది. ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, దానికి భయపడి వెనక బ్రేకే వాడితే చక్రం జారుతుంది తప్ప ఆగదు. ఒక్క వేలితో, మెల్లగా మొదలుపెట్టి పెంచుతూ నొక్కడం ఖాళీ స్థలంలో అలవాటు చేసుకోండి.

రెండోది నిలబడే తీరు. సోఫాలా ఉందని మీరు కూర్చుని దిగుతున్నారేమో అని నా అనుమానం. దిగుడులో సీటు దించి, పెడల్స్ సమంగా పెట్టి, మడమలు కిందికి వంచి, బరువంతా పాదాల మీద వేసి నిలబడాలి. చేతులు తేలిగ్గా ఉండాలి, మోచేతులు వంగి ఉండాలి. వెనక ఉన్న 130 మిల్లీమీటర్లు చూసి మనం మురిసిపోతాం కానీ, వంచిన మోకాళ్లకి అంతకు రెట్టింపు ట్రావెల్ ఉంది, దానికి సర్వీసు కూడా అక్కర్లేదు. కళ్లు చక్రం ముందున్న రాయి మీద కాకుండా, బండి వెళ్లాల్సిన దారి మీద ఉండాలి. రాయి వంక చూస్తే రాయి మీదకే పోతాం, ఇది ఎందుకో గానీ ఎన్నేళ్లు తొక్కినా మారదు.

బ్రేకుల చెకింగు. లివర్ నొక్కితే హ్యాండిల్‌కి తగలకముందే గట్టిగా పట్టాలి. రెండు మూడుసార్లు పంపు చేస్తే గానీ గట్టిపడకపోతే లోపల గాలి చేరింది, ఆ గాలి తీసే బ్లీడింగ్ చేయించాలి. మినరల్ ఆయిల్ పోయాల్సిన బ్రేకులో డాట్ (DOT) రకం బ్రేకు ద్రవం పోసినా, అటుది ఇటు పోసినా సీళ్లు ఉబ్బి పాడవుతాయి. డిస్కులు కొత్తలో 1.8 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి, ఎంత పల్చబడితే మార్చాలో వాటి మీదే చెక్కి ఉంటుంది, 1.5 దరిదాపుల్లో. చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు డిస్కు మీద పడితే ఆ ప్యాడ్లు ఇక కీచుమంటూనే ఉంటాయి, పట్టవు. చుక్కలుగా వేసే నూనె వాడండి. కొత్త ప్యాడ్లు వేశాక నేరుగా కొండ ఎక్కొద్దు. చదును నేల మీద ఓ మాదిరి స్పీడు నుంచి నడక స్పీడు దాకా, చక్రం లాక్ అవకుండా, ఓ ఇరవైసార్లు తగ్గిస్తే అవి కుదురుకుంటాయి. పొడుగాటి దిగుడులో బ్రేకు పట్టుకునే కూర్చోకుండా, గట్టిగా పట్టి వదలాలి, మధ్యలో చల్లారడానికి సందు ఇవ్వాలి. వేడికి బ్రేకులు పోవడం మన ఆటలో కొత్త సంగతి కాదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు పాత బరువు సైకిళ్లతో ఒక కొండ దారిలో పందేలు మొదలుపెట్టారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. ఒకసారి కిందికి వచ్చేసరికి హబ్బులో గ్రీజంతా పొగైపోయి, మళ్లీ నింపాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది.

టైర్లు: ట్యూబ్‌లెస్ అయితే మీ బరువుకి ముందు 24, వెనక 27 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రిమ్ము నేలకి కొట్టుకుంటుంటే పెంచండి, పట్టు లేకపోతే తగ్గించండి. టైరు మీద, రిమ్ము మీద రాసిన పరిమితుల్లో ఏది తక్కువైతే దాన్ని దాటొద్దు. టైరు లోపల పోసే, చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది. వాడిన బండి కాబట్టి లోపల పొడి తప్ప ఏమీ ఉండకపోవచ్చు, విప్పి చూడండి. స్పోకుల్ని రెండేసి చొప్పున చేత్తో పిసికితే లూజైనది వెంటనే దొరుకుతుంది.

ఇదంతా ప్రతిసారీ చేయాలా అని టెన్షన్ పడకండి. పివట్లు, ఫ్రేము చెకింగు నెలకోసారి, పడినప్పుడు తప్పనిసరిగా. ప్రతి రైడుకి ముందు రెండు యాక్సిళ్లు, రెండు బ్రేకులు, గాలి, నెయిల్ పాలిష్ గీతలు. రెండు నిమిషాలు. హెల్మెట్ ఒకసారి గట్టిగా నేలకి తగిలితే, బయటికి పగుళ్లు కనపడకపోయినా మార్చేయండి. లోపలి థర్మాకోల్ లాంటి నురగ నలిగి దెబ్బ తీసుకుంటుంది, మళ్లీ లేవదు.

ఆదివారం సంగతి. ఫ్రేము మీద చిన్న స్టిక్కరులో గానీ, మాన్యువల్‌లో గానీ ఆ బండి ఏ తరగతి వాడకానికో రాసి ఉంటుంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ లెక్కలో 3 అంటే 61 సెంటీమీటర్ల లోపు డ్రాప్‌లకి, 4 అంటే 122 సెంటీమీటర్ల లోపు వాటికి. నడుమెత్తు అంటే దాదాపు మీటరు. 130 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న బండి 3 కావచ్చు, 4 కావచ్చు. 3 అని ఉంటే ఆ డ్రాప్ ఈ బండిది కాదు, ఎంత బాగా తొక్కేవాళ్లయినా సరే. 4 ఉన్నా, 'టక్' ఎక్కడిదో తేలకుండా, ఇంకా మెట్టు దగ్గరే తడబడుతూ, మీటరు ఎత్తు నుంచి దూకడం నేను ఒప్పుకోను. ముందు చీలమండ ఎత్తు, అది బోరు కొట్టేదాకా. తర్వాత మోకాలెత్తు. రెండు చక్రాలూ దాదాపు ఒకేసారి నేలకి తగిలేలా దిగడం వచ్చాక నడుమెత్తు ఎక్కడికీ పోదు.

పాత హార్డ్‌టెయిల్ ఇంకా అమ్మలేదంటే ఆదివారం దాని మీద వెళ్లండి, డ్రాప్ దగ్గర పక్క నుంచి నడిచి దిగండి. అమ్మేసి ఉంటే ఆ పూట బండి విప్పుకుని కూర్చోండి. 'టక్' ఎక్కడ దొరికిందో నాకు రాయండి. నా పందెం మాత్రం షాక్ కింది కన్ను బుషింగ్ మీద.